గౌనుతో పాటు ఒక దారపు రీలు

మా అక్కకూ నాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక భుజం. మనిషి భుజం కూడా కాదు, గౌను భుజం. వినేవాళ్ళకు నవ్వొస్తుందని తెలుసు, నవ్వుకోండి. ఆ నాలుగేళ్ళ ముడినీ ఒక్క మధ్యాహ్నంలో విప్పిన సంగతి చెప్పబోతున్నాను. అదీ ఎప్పుడో ముత్తాతల కాలంలో ఎవరో రాసిన ఒక కథ పుణ్యమా అని. నేనసలు కథలు చదివే మనిషినే కాదు.

నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను. మా ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడకు నిలువుటద్దం, అద్దం పక్కన పీట మీద కాజాలు కుట్టే పిన్ని. ఆవిడ వరసకు నాకు పిన్ని కాదు, పద్దెనిమిదేళ్ళుగా అదే పీట మీద కూర్చుని పిన్ని అయిపోయింది. వీధిలో నన్ను 'కత్తెర' అంటారు. బట్ట కోసే తీరు చూసి కాదు, నోరు చూసి పెట్టిన పేరు. పెట్టనీ. నోరెలా ఉన్నా నా చెయ్యి మంచిది. ఇరవై ఆరేళ్ళలో నేను కుట్టిన గౌను ఒక్కటి కూడా సరిచేయమని తిరిగి రాలేదు. తిరిగి ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, పక్కవీధిలో సరిచేయించుకుని పోయేవాళ్ళు చాలామందే ఉన్నారని పిన్ని అంటుంది. ఆవిడ మాట నేనెప్పుడూ నమ్మలేదు.

నాలుగేళ్ళ కిందట, దుకాణం నిండా మనుషులుండగా మా అక్క వచ్చింది. నెల ముందు నేను కుట్టిచ్చిన గౌనే వేసుకుంది.

"ఏమే, ఈ భుజం జారుతోంది చూడు," అంది.

నాకు ఒళ్ళు మండింది. అక్క కొలతలకు నాకు టేపు అక్కర్లేదు. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై రెండు, భుజం పద్నాలుగున్నర. పదిహేనేళ్ళుగా అవే.

"జారిందంటే నువ్వు వంకరగా నిలబడ్డావన్నమాట," అన్నాను.

అక్క నవ్వింది. "కాదే, నిజంగానే జారుతోంది. ఓసారి టేపు పెట్టి చూడరాదూ."

పెట్టలేదు. అంతమంది ముందు నా కొలతను నేనే అనుమానించుకోవాలా? "నా కుట్టుకి వంకలు పెట్టేవాళ్ళు నా గడప తొక్కక్కర్లేదు," అనేశాను. అక్క సంచీ సర్దుకుని, జారిన భుజాన్ని పైకి లాక్కుని వెళ్ళిపోయింది. నన్ను చంకనేసుకుని పెంచిన అక్క.

రెండు రోజుల్లో వస్తుందనుకున్నాను. రాలేదు. నేనూ వెళ్ళలేదు. నాది ముక్కు మీద కోపం, తనది నోరు విప్పని పంతం. రెండూ ఒక తల్లి కడుపునే పుట్టాయి.

కానీ చేతులు ఊరుకోవుగా. ప్రతి ఏడూ అక్క పుట్టినరోజుకు ఒక గౌను కుట్టి పెట్టేదాన్ని. బావ వచ్చి పట్టుకెళ్ళేవాడు. బావది గడియారాలు బాగుచేసే పని. మాటల్ని కూడా గడియారం మరల్లా పట్టకారుతో ఏరి, ఒక్కొక్కటే బయటపెడతాడు. "పోయినేడాది గౌను ఎలా ఉందట?" అని నేను గోడకేసి చూస్తూ అడిగేదాన్ని. "పోత పోసినట్టుంది," అనేవాడు. ఆ మాటతో నాకు ఏడాది పొడుగునా కడుపు నిండేది. చూశావా, చివరికి ఒప్పుకుంది కదా అనుకునేదాన్ని. వెళ్ళేముందు బావ గుమ్మంలో ఆగి ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"అదే రంగు దారం ఓ రీలుంటే ఇవ్వమ్మా."

ఇచ్చేదాన్ని. ఒకసారి పిన్ని అడగనే అడిగింది, "ఊడిన గుండీ కుట్టుకోడానికి రీలంతా ఎందుకే?" అని. "గడియారాలాయన కదా పిన్నీ, అన్నింటికీ విడిభాగాలు దగ్గరుంచుకోవాలి," అన్నాను. నా జోకుకు నేనే నవ్వుకున్నాను.

ఇక కథ సంగతి. మా అమ్మాయి కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఈ మధ్య ఒక మధ్యాహ్నం నా మిషను పక్కన చేరి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వల్లె వేస్తోంది. "నీలం రంగు ఆకాశానికి ప్రతీక. గౌను మాయని ప్రేమకు ప్రతీక. సూది కాలానికి ప్రతీక. దారం వివాహబంధానికి ప్రతీక."

"నీలం ఎందుకో నేను చెప్పనా?" అన్నాను. "మాసినా కనపడదు కాబట్టి."

"అమ్మా, ఇది గొప్ప కథ. అమ్మమ్మ చదువుకున్న రోజుల్లో కూడా పాఠ్యపుస్తకంలో ఉందట. నీకు తెలీనివాటిలో తలదూర్చకు."

"గౌను గురించి నాకు తెలీదా? చదువు చూద్దాం."

చదివింది. నేను మెడపట్టీ కుడుతూ విన్నాను. కథ చెప్పేది ఒక దర్జీ. ప్రతి ఏడూ వసంతంలో ఒక పెద్దమనిషి ఆ దర్జీ దగ్గరికి వస్తాడు. తన భార్య గౌను ఒకటి ఆదికి తెస్తాడు, అంటే కొలత చూసుకోడానికి. మొట్టమొదట కుట్టించిన గౌను అది, మడత నలగకుండా ఉంటుంది. దాన్ని చూసి అచ్చం అలాంటిదే, అదే నీలంలో కొత్తది కుట్టించుకుని, గౌనుతో పాటు ఒక నీలం దారపు రీలు అడిగి తీసుకెళతాడు. భార్య మాత్రం ఎప్పుడూ రాదు. ఇలా పదేళ్ళు. చివరి వాక్యం ఇదీ: 'పదో గౌను కూడా నూలుపోగంత తేడా లేకుండా సరిపోయిందట.' తరతరాలుగా పిల్లలంతా అక్కడ కళ్ళు తుడుచుకుంటారట, ఎంత మారని ప్రేమ అని.

నేను మిషను ఆపేశాను. మెడపట్టీ తిరగేసి కుట్టేశానని తర్వాత చూసుకున్నాను.

"మళ్ళీ చదువు, ఆ చివరిది."

చదివింది.

"అబద్ధం," అన్నాను. "వాడు అబద్ధాలకోరు."

"ఎవరమ్మా?"

"ఆ పెద్దమనిషి. ఏ ఆడదాని ఒళ్ళు పదేళ్ళు ఒకేలా ఉంటుందే? ఒక జ్వరమొస్తే అంగుళం పోతుంది, ఒక పిల్ల పుడితే నాలుగంగుళాలు వస్తుంది. పదేళ్ళలో ఒక్క గౌనూ వదులు చెయ్యమనో బిగించమనో తిరిగి రాలేదంటే ఏమిటర్థం? ఆ ఆదికి తెచ్చే గౌను మడత ఎందుకు నలగలేదు? వేసుకుంటే నలుగుతుంది కదా. ఎవరూ వేసుకోవడం లేదే. ఆవిడ లేదు. చచ్చిపోయింది. వీడే చంపేశాడో ఏమో, గౌనులు కొంటూ తిరుగుతున్నాడు, ఊళ్ళో అనుమానం రాకుండా."

మా అమ్మాయి నోరు తెరిచింది. పిన్ని చేతిలో సూది ఆగింది. ఇరవై ఆరేళ్ళుగా బట్టల లోపలి కుట్లు చూసిన కళ్ళు నావి, పైపై మెరుపులకు మోసపోయే కళ్ళు కావు. ఇంతమంది పండితులు చూడని చీకటి కోణం ఒక కుట్టుపని మనిషికి కనిపించిందంటే, ఆ రోజంతా నేల మీద కాళ్ళు నిలవలేదు. కొలతలకు వచ్చిన ప్రతి ఆవిడకూ కథ చెప్పాను. వినేదాకా టేపు తియ్యలేదు.

మా అమ్మాయి ఈ మాటలన్నీ రాసి లెక్చరర్ గారికి ఇచ్చింది. మూడో రోజు ఆవిడే మా దుకాణానికి వచ్చింది. పొడుగాటి మనిషి, చేతుల అంచులకు సుద్దపొడి, చంకల దగ్గర పట్టేస్తున్న జాకెట్టు. దాన్ని చూస్తే నా వేళ్ళు కుట్టు విప్పడానికి లాగాయి.

"పాతికేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నానండీ," అంది. "నిన్న రాత్రి మళ్ళీ చదివాను. ఆ మడత నలగని గౌను దగ్గరికి రాగానే నాకు ఒళ్ళు జలదరించింది. పవిత్రతకు గుర్తు అని ఇన్నాళ్ళూ చెప్తూ వచ్చాను. మీరొచ్చి మా పిల్లలకు చెప్పాలి."

"నేను పదో తరగతి తప్పినదాన్ని," అన్నాను.

"నేను గుండీ కుట్టడం కూడా రానిదాన్ని," అందావిడ. ఆవిడ నాకు నచ్చింది.

కాలేజీకి వెళ్ళాను. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వెళ్ళాను. చేతిలో ఒక గౌను, సగం కుట్టినది. గది నిండా యాభైమంది పిల్లలు, ముందు వరసలో తల దించుకుని మా అమ్మాయి. గౌను పైకెత్తి పట్టుకోగానే ధైర్యం వచ్చింది.

"ఇలా చూసి బాగుందనేది వేసుకునేవాళ్ళు," అన్నాను. గౌనును లోపలివైపుకు తిప్పాను. "కుట్టేవాళ్ళం ముందు ఇటు చూస్తాం. ఎక్కడ అతుకేశారు, ఎక్కడ విప్పి మళ్ళీ కుట్టారు, ఎక్కడ గుడ్డ చాలక నొక్కేశారు, అన్నీ ఇక్కడుంటాయి. పైన అబద్ధం చెప్పొచ్చు, లోపల చెప్పలేం. మీ పుస్తకంలో కథని కూడా ఇలా తిప్పి చూడండి."

ఇక ఆగలేదు. ఒళ్ళు మారడం గురించి, నలగని మడత గురించి, తిరిగి రాని పది గౌనుల గురించి చెప్పాను. పిల్లలు బెంచీల మీద ముందుకు వంగారు. ఎవడో 'అమ్మో' అన్నాడు. లెక్చరర్ గారు బోర్డు మీద రాస్తూ రాస్తూ సుద్దముక్క విరిచేసింది. "గుర్తుపెట్టుకోండి," అన్నాను చివరికి, నా మాట నాకే తియ్యగా ఉండగా. "గౌను తిరిగి రాలేదంటే బాగా కుట్టామని మురిసిపోకూడదు. లోపల మనిషుందా లేదా అని చూడాలి."

చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి తలెత్తింది. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

అప్పుడు చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. అప్పటిదాకా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కునుకుతున్నట్టే ఉంది.

"మరి దారం ఎందుకండీ? ఎవరూ వేసుకోని గౌనుకి దారంతో పనేంటి?"

"గుండీలు ఊడితే," అన్నాను.

"వేసుకోకపోతే గుండీలెలా ఊడతాయండీ?"

నిజమే. చచ్చిన మనిషి గుండీలు తెంపదు. అదీగాక గుండీలకు మూర దారం చాలు. రీలంతా దేనికి పడుతుంది? చేత్తో కుట్టేవాళ్ళకు పడుతుంది. చంక దగ్గర నుంచి నడుము దాకా రెండు పక్కలా పొడుగునా చేత్తో కుట్టు వేస్తే పడుతుంది. రెండు పేటలు పెట్టి, ఒక వరస చాలక మళ్ళీ ఇంకో వరస వేస్తే రీలు అయిపోతుంది. అదే రంగు ఎందుకు? పైకి తెలియకుండా. ఎవరికి తెలియకుండా? కుట్టిన మనిషికి.

ఆవిడ చావలేదు. ఇంట్లోనే ఉంది. ఏడాదికేడాది చిక్కిపోతూ, ప్రతి గౌనునూ లోపల బిగించుకుంటోంది. ఆదికొచ్చే ఆ మొదటి గౌను వదులైపోయి పెట్టెలోనే ఉంటోంది, అందుకే మడత నలగలేదు.

ఈ మాట పైకే అనేశాను. పిల్లలు మళ్ళీ గోల పెట్టారు, ఇదింకా బాగుందని. ఆ గోలలో నాకు బావ గొంతు వినిపించింది. అదే రంగు దారం ఓ రీలుంటే ఇవ్వమ్మా.

లోకానికంతా శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. చేతిలో గౌను బల్ల మీద పడేశాను. లెక్చరర్ గారు "ఏమైందండీ?" అంటోంది. "మా అక్క," అన్నాను, అంతే. మెట్లు ఎలా దిగానో తెలియదు.

అక్క ఇల్లు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో నిలబడి లెక్క వేసుకున్నాను. నాలుగు గౌనులు, నాలుగు రీళ్ళు. పసుపు, ఆకుపచ్చ, బూడిదరంగు, ఈ ఏడు మెరూన్. రెండో బస్సు ఎక్కేసరికి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ భుజం. అక్క ఆ రోజు అబద్ధం చెప్పలేదు, వంకరగా నిలబడలేదు. భుజం నిజంగానే జారింది. అప్పుడే చిక్కడం మొదలైంది. ఓసారి టేపు పెట్టి చూడరాదూ అని నోరు తెరిచి అడిగింది కదా. నా మెడలో అప్పుడూ ఇదే టేపు ఉంది.

బావ ముందుగదిలో బల్ల దగ్గర కంటికి అద్దం తగిలించుకుని ఒక గడియారం మీద వంగి ఉన్నాడు. నన్ను చూశాడు. కంటి అద్దం తీసి, గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టాడు. ఆ తాపీకి నాకు అరవాలనిపించింది.

"దారం," అన్నాను.

"తెలిసిందా," అన్నాడు. అని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు, ఏళ్ళ తరబడి మోసిన బరువు దించుకున్నట్టు. "ప్రతి ఏడూ అడుగుతావేమోనని చూశాను. ఎందుకు బావా ఇంత దారం అని ఒక్కసారైనా అడుగుతావేమోనని. నువ్వు రీలిచ్చి నవ్వేదానివి."

"నోరు విప్పి చెప్పొచ్చు కదా బావా మీరు."

"చెప్పనని ఒట్టేయించుకుంది. చెప్పనని వేశాను గానీ దారం అడగనని వెయ్యలేదు."

నాలుగేళ్ళు ఆయన గుమ్మంలో నిలబడి అరిచినంత పని చేశాడు, నేనే వినలేదు.

లోపలిగదిలో అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. మెరూన్ గౌనులో ఉంది. పైకి చూస్తే నిజంగానే పోత పోసినట్టుంది. గౌను మీదున్న మొహమే అక్కది కాదు. చెంపలు లోపలికి పోయాయి, మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య ఇమిడేలా ఉంది. నన్ను చూసి గబుక్కున లేవబోయి, లేవలేక, నవ్వింది.

"భుజం బాగానే ఉంది, చూసుకో," అంది.

బీరువా తెరిచి నా గౌనులు తీశాను. మంచం మీద పరిచి ఒక్కొక్కటే లోపలివైపుకు తిప్పాను. అక్కకు కుట్టు రాదు. చిన్నప్పుడు అక్క వేసిన కుట్లు చూసి, కోడి నడిచినట్టుందని ఇల్లంతా తిరిగి ఎగతాళి చేసేదాన్ని. అవే కుట్లు. పసుపు గౌనుకు రెండు పక్కలా ఒక్కో వరస. ఆకుపచ్చదానికి రెండేసి. బూడిదరంగు దానికి మూడేసి, మధ్యలో విప్పి మళ్ళీ వేసిన గుర్తులు. అక్క ఒంటి మీదున్న దాని పక్క అంచు పట్టుకుని తడిమితే వేలంత మందాన మడత తగిలింది. నేను ముప్పై ఎనిమిది కొలతకు కోసిన గుడ్డంతా అక్కడ దాక్కుని ఉంది.

నాకు కోపం పొంగింది. నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు, నేను చచ్చాననుకున్నావా, బావకు బుద్ధి లేదా, అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. ఆ కోడి నడకల కుట్లు చూశాను. నోరు మూసుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో అది మొదటిసారి.

"కడుపులో గడ్డ," అంది అక్క, నేను అడక్కుండానే. "ఆపరేషన్ చెయ్యాలన్నారు, రెండేళ్ళయింది. మందులతో నెట్టుకొస్తున్నా."

"ఎందుకు చేయించుకోలేదు?"

"అమ్మ కూడా నడిచే వెళ్ళింది కదే ఆసుపత్రికి," అంది. "నువ్వు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళావు. వద్దంటున్నా వినలేదు. అమ్మ తిరిగి రాలేదు. నీ తప్పని నేననను, నువ్వు మంచికే చేశావు. కానీ నీకు తెలిస్తే నన్నూ భుజాన వేసుకుని పోతావు. నాకు భయమే. అదీగాక నువ్వే గడప తొక్కొద్దన్నావుగా, అదీ కలిసొచ్చింది."

దీపం కిందే చీకటి అంటారు. ఎవడో రాసిన కథలో చీకటి వెతికి చప్పట్లు కొట్టించుకుని వచ్చాను. మా అక్కను నాలుగేళ్ళు చీకట్లో కూర్చోబెట్టింది నా నోరు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అక్క నన్ను ఓదార్చడానికి లేస్తుందని ఏడవలేదు.

అరవడం పనికిరాదు, లాక్కెళ్ళడం పనికిరాదు. నాకు వచ్చిన మూడో విద్య ఒకటే. మెడలోంచి టేపు తీశాను.

"లే అక్కా. కొలత తీసుకోవాలి."

లేచి నిలబడింది. చిన్నపిల్లలా చేతులు పైకెత్తింది. టేపు చుట్టాను. అది కలిసిన చోట అంకె చదవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. బావ బల్ల మీద నుంచి కాగితం, పెన్సిలు తెచ్చాను. రాయడం మొదలుపెట్టాను, ఒకదాని కింద ఒకటి. నేను కోసిన కొలత ముప్పై ఎనిమిది. పసుపు గౌను కుట్టు ప్రకారం ముప్పై ఏడు. ఆకుపచ్చ, ముప్పై అయిదు. బూడిదరంగు, ముప్పై మూడు. ఇవాళ, ముప్పై.

దాని కింద ఒక గీత గీశాను. పెన్సిలు అక్క చేతికిచ్చాను.

"వచ్చే ఏడు గౌనుకి ఎంతని రాయమంటావో నువ్వే రాయి," అన్నాను.

అక్క కాగితం కేసి చూసింది. పై నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి కిందికి. ఖాళీగా ఉన్న చోట పెన్సిలు మొన ఆనించింది. రాయలేదు. ముందుగదిలో గడియారాలన్నీ తలోమాటగా టకటకమంటున్నాయి. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో పట్టకారు అలాగే ఉంది.

"అక్కడ నువ్వు డాక్టర్ల మీద అరవనంటే వస్తాను," అంది అక్క.

"అరవను."

"నర్సుల మీద?"

"అరవను."

"వాళ్ళ యూనిఫారాలు సరిగ్గా కుట్టలేదని కూడా అనకూడదు."

"అక్కా, అది మాత్రం చూద్దాం," అన్నాను. బావ ముందు నవ్వాడు. తర్వాత గోడకు తిరిగి నిలబడ్డాడు.

వారం తిరక్కుండా ఆపరేషన్ జరిగింది. అయిదు గంటలు వరండాలో కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా ఒక గౌను అంచు కుట్టాను, విప్పాను, మళ్ళీ కుట్టాను. తలుపు తీసుకుని వచ్చిన డాక్టరు కోటు చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చూసీ ఏమీ అనలేదు. గడ్డ మొత్తం తీసేశామని, చెడ్డది కాదని, ఇంకో ఏడాది ఆగి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని ఆయన చెప్పాడు. ఆయన చేతులు పట్టుకున్నాను. పొట్టి చెయ్యి కొంచెం కిందికి లాగాను కూడా.

లెక్చరర్ గారు ఒకసారి దుకాణానికి వచ్చింది, జాకెట్టు చంకలు సరిచేయించుకోడానికి. "ఇప్పుడు ఆ పాఠానికి ఏ అర్థం చెప్పమంటారు? మొదటిదా, రెండోదా?" అని అడిగింది. ఆ కథలో వాళ్ళు ఎందుకు దాచారో పుస్తకంలో లేదు. మా ఇంట్లో ఎందుకు దాచారో నాకు తెలుసు. "మీరేదైనా చెప్పండి. దారం సంగతి అడిగిన పిల్లకి మాత్రం నిండా మార్కులెయ్యండి," అన్నాను.

అక్క ఇంటికి వచ్చాక ముప్పై కొలతకు ఒక కొత్త గౌను కుట్టాను. ఈసారి నీలం. లోపల ప్రతి కుట్టు పక్కనా రెండేసి అంగుళాల గుడ్డ వదిలాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకునేలా. అంత గుడ్డ ఎవరూ వదలరు, దండగ అంటారు. ఎందుకని పిన్ని కూడా అడగలేదు. గౌనుతో పాటు బావకు దారం ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మొన్న దుకాణం నిండా మనుషులున్నారు. ఇద్దరు కొలతలకు, ఒకావిడ తొందరపెట్టడానికి, ఇంకొకావిడ ఊరికే. గుమ్మంలో నీడ పడింది. చూస్తే అక్క, చెంపలతో సహా. నీలం గౌను వేసుకుంది. గడప అవతలే నిలబడి నా మొహం చూసింది. తర్వాత కుడికాలు ఎత్తి, కావాలనే నెమ్మదిగా గడప దాటి లోపలికొచ్చింది.

"ఏమే, ఎవరు కుట్టారో గానీ ఈ గౌను నడుము దగ్గర పట్టేస్తోంది. ఊపిరాడటం లేదు," అంది అందరూ వినేలా.

ఇప్పుడు కత్తెర ఆడుతుందని అందరికీ తెలుసు. పిన్ని సూది పక్కన పెట్టి నాకేసి చూసింది. నేను మెడలోంచి టేపు తీసి అక్క నడుము చుట్టూ తిప్పాను. అంకె చూశాను. కళ్ళు మసకబారి మళ్ళీ చూశాను.

"తప్పు నాదే అక్కా," అన్నాను. "కూర్చో, విప్పి ఇస్తాను."

ఊరికే వచ్చిన ఆవిడ ఆ మాట విని, చేతిలో సంచీ తెరిచి, పోయినేడాది నేను కుట్టిన గౌను ఒకటి బయటికి తీసింది.